గ్రీన్‌లాండ్ దాకా వెళ్లి వచ్చే చేప

(రాజమహేంద్రవరంలో ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నేను పుట్టింది ధవళేశ్వరం దిగువన ఒక లంకలో. మా నాన్న పులస వల వేసేవారు. ఇప్పుడు రెండో వరుసలో కూర్చుని ఉన్నారు. నేను పదహారేళ్లుగా స్కాట్లాండులో, పెర్త్ అనే ఊళ్లో నర్సుగా పనిచేస్తున్నాను. సెలవు దొరికినప్పుడల్లా సాల్మన్ చేప కోసం నదుల వెంట తిరుగుతాను. స్కాట్లాండులో టే, డీ, స్పే. కెనడాలో మిరమిషీ. ఐస్‌లాండు ఉత్తరాన లాక్సా. నార్వేలో గౌలా. ఇన్నేళ్లలో నా గాలానికి దొరికినవి యాభై ఒక్క చేపలు. ఇంటికి తెచ్చి వండినవి రెండు. మిగతా నలభై తొమ్మిదీ నదిలోనే వదిలేశాను.

ఈ లెక్క చెప్పినప్పుడు మా నాన్న ముందు నమ్మలేదు. తర్వాత కోప్పడ్డారు. "వదిలేసేదానికి పట్టడం ఎందుకమ్మా?" అన్నారు. ఆయన నలభై ఏళ్లు చేప మీద బతికిన మనిషి. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకుంది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబనుకోండి.

నేను పెర్త్ చేరిన మొదటి చలికాలం వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు. తుంటి ఎముక ఆపరేషన్ అయింది. ఎనభై దాటాయి. వయసులో ఉన్నన్నాళ్లూ టే నది మీద గిల్లీగా పనిచేశారు. గిల్లీ అంటే గేలిక్ భాషలో కుర్రాడని అర్థం. చేపలు పట్టడానికి వచ్చినవాళ్లకు పడవ నడిపి, ఏ మడుగులో వేయాలో, ఏ నీటికి ఏ ఫ్లై, అంటే ఈకలతో చుట్టిన ఏ కొక్కెం, కట్టాలో చెప్పే మనిషి. రాత్రి డ్యూటీలో ఆయనకు నిద్రపట్టేది కాదు. మీ ఊళ్లో నది ఉందా అని అడిగారు. గోదావరి గురించి చెప్పాను. ఎర్రనీరు దిగగానే సముద్రంలోంచి ఎదురెక్కి వచ్చే చేప ఒకటుందని, సముద్రంలో ఉన్నన్నాళ్లూ దాన్ని విలస అంటామని, గోదాట్లోకి వచ్చాక పులస అంటామని, పుస్తెలమ్మైనా పులస తినాలంటారని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను లేచి నడిస్తే నిన్ను నదికి తీసుకెళతాను" అన్నారు. ఏప్రిల్లో చేతికర్ర పట్టుకుని వచ్చి నిజంగానే తీసుకెళ్లారు. ఆయన ఇప్పుడు లేరు. నాకు నీళ్లు చదవడం నేర్పింది ఆయనే.

ముందు ఈ చేప బతుకు చెబుతాను. అది తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు.

నవంబరు, డిసెంబరు నెలల చలిలో ఆడ సాల్మన్ నది పైకొసన ఉండే చిన్న వాగుల్లో తోకతో గులకరాళ్లను తవ్వి గుంట చేస్తుంది. అందులో గుడ్లు పెట్టి మళ్లీ రాళ్లతో కప్పుతుంది. ఐదు కిలోల చేప ఆరేడు వేల గుడ్లు పెడుతుంది. వసంతంలో పిల్లలు బయటికి వచ్చి రెండు మూడేళ్లు ఆ వాగులోనే పురుగులు తింటూ పెరుగుతాయి. అప్పటికీ జానెడు పొడవు ఉండవు. ఒంటి పక్కన వరసగా వేలిముద్రలు వేసినట్టు మచ్చలుంటాయి. తర్వాత ఒక వసంతంలో ఆ మచ్చలు మాసిపోయి ఒళ్లంతా వెండిరంగుకు తిరుగుతుంది. ఉప్పునీటిని తట్టుకునేలా మొప్పలు మారతాయి. ఆ రోజుల్లోనే తన వాగు వాసన దాని లోపల ముద్రపడిపోతుంది. ఆ ముద్రతోనే సముద్రంలోకి దిగుతుంది.

ఒక్క ఏడాది సముద్రంలో ఉండి రెండు మూడు కిలోలతో తిరిగొచ్చే వాటిని గ్రిల్స్ అంటారు. రెండేళ్లో మూడేళ్లో ఉండేవి పెద్దవవుతాయి. వాటిలో చాలా చేపలు పశ్చిమ గ్రీన్‌లాండ్ తీరం దాకా వెళ్లి అక్కడ మేస్తాయి. వేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ అదే నదికి, చాలాసార్లు అదే వాగుకు వస్తాయి. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టగానే చచ్చిపోతుంది. అట్లాంటిక్ సాల్మన్‌లో కొన్ని బతికి బట్టకడతాయి. నీరసించి, సన్నగా కత్తిలా అయిపోయి మళ్లీ సముద్రానికి జారుకుంటాయి. అలాంటి చేపను కెల్ట్ అంటారు. మార్చి నెలలో టేలో ఒక కెల్ట్ నా ఫ్లైకి తగిలింది. నేను చేతుల్లోకి తీసుకుంటే దాదాపు బరువే లేదు. నెలల తరబడి తినకుండా, గుడ్లు పెట్టి, చలికాలం దాటిన ప్రాణి అది. పురిటి వార్డులో పనిచేసినదాన్ని కాబట్టి అనుకుంటాను, ఆ రోజు నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

తినకుండా అన్నాను కదా. ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. నదిలోకి వచ్చాక సాల్మన్ మేత మానేస్తుంది. సముద్రంలో పట్టిన కొవ్వు మీదే నెలలు గడుపుతుంది. పొట్ట ముడుచుకుపోతుంది. మరి ఆకలి లేని చేప ఎరను ఎందుకు నోట పట్టుకుంటుంది? కోపంతో అంటారు కొందరు. చిన్నప్పుడు పురుగులు తిన్న అలవాటు అంటారు కొందరు. తన చోటులోకి వచ్చినదాన్ని తరిమేయడానికి అంటారు ఇంకొందరు. గట్టు మీద ఈ వాదన రెండు వందల ఏళ్లుగా తెగలేదు. నాకు మాత్రం ఇందులోనే ఈ వేట మర్యాద ఉందనిపిస్తుంది. ఆకలిగొన్న ప్రాణికి కూడు చూపించి మోసం చేయడం ఇందులో లేదు. దాని ముందునుంచి ఒక చిన్న రంగు ముక్కను నడిపిస్తాం. అది రావచ్చు, రాకపోవచ్చు. వెయ్యిసార్లు వేస్తే ఒకసారి వస్తుంది.

ఫ్లై అంటే ఈగ. కానీ సాల్మన్ ఫ్లై ఈగలా ఉండదు. కొక్కేనికి ఈకలు, ఉడుత తోక వెంట్రుకలు, జరీ, పట్టుదారం చుట్టి కడతారు. దానికి బరువు ఉండదు. మన గాలంలో సీసం గుండు దారాన్ని లాక్కెళుతుంది. ఇక్కడ బరువంతా దారంలో ఉంటుంది, దారమే ఫ్లైని మోసుకెళ్లాలి. అందుకే కర్ర పన్నెండు, పదిహేను అడుగులుంటుంది, రెండు చేతులతో పట్టుకోవాలి. స్పే నది గట్లు నిటారుగా, చెట్లతో ఉంటాయి. దారాన్ని వెనక్కి విసరడానికి చోటుండదు. అందుకని అక్కడివాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో ఒక పద్ధతి కనిపెట్టారు. దారాన్ని వెనక్కి పోనివ్వకుండా నీటి మీదే ఒక మడత వేసి, ఆ నీటి పట్టునే ఆసరాగా తీసుకుని ముందుకు వదులుతారు. ప్రపంచమంతా దాన్ని స్పే కాస్ట్ అనే అంటారు. నాకు అది చేతికి రావడానికి మూడేళ్లు పట్టింది.

మడుగు తలకట్టున మొదలుపెట్టాలి. ఏటవాలుగా అవతలి గట్టు వైపు వేయాలి. ఫ్లై ప్రవాహంలో ఊగుతూ ఇటు గట్టుకు వచ్చేదాకా ఆగాలి. రెండడుగులు కిందికి దిగాలి. మళ్లీ వేయాలి. వెనక ఇంకో మనిషి అదే పని చేస్తూ వస్తుంటాడు. ఒకచోట పాతుకుపోయి నిలబడితే తప్పు. మంచి చోటు అందరికీ వంతుగా రావాలి. చేప తగిలిన క్షణంలో గుండె ఆగినంత పనవుతుంది. అప్పుడు కర్ర లేపకూడదు. చేప తిరిగి కిందికి వెళ్లేదాకా దారం వదలాలి. "గాడ్ సేవ్ ద క్వీన్" అని నెమ్మదిగా ఒకసారి అనుకుని అప్పుడు కర్ర లేపమని ఆ పెద్దాయన నేర్పారు. నేను "గోవిందా" అని మూడుసార్లు అనుకుంటాను. సరిగ్గా అంతే సమయం పడుతుంది.

టే నదిలో ఏటా జనవరి 15న సీజన్ మొదలవుతుంది. కెన్‌మోర్ అనే ఊళ్లో బ్యాగ్‌పైపులు ఊదుకుంటూ నది దగ్గరికి వెళ్లి, పడవ మీద విస్కీ పోస్తారు. మనం కొత్త పడవకు కొబ్బరికాయ కొట్టినట్టే. ఆదివారం సాల్మన్ పట్టకూడదని స్కాట్లాండులో చట్టముంది. నాకు మొదట్లో వారం సెలవు ఆదివారమే వచ్చేది, చాలా బాధగా ఉండేది. వారాంతంలో వలలు ఎత్తేసి చేపకు దారి వదలాలన్న నియమం అక్కడ మధ్యయుగాలనుంచీ ఉందని తర్వాత తెలిసింది. మా నాన్నకు ఫోనులో చెబితే, ఈ ఒక్క మాటా ఆయనకు వెంటనే నచ్చింది.

పెర్త్ మ్యూజియంలో ఒక చేప నమూనా ఉంది. ఎప్పుడైనా ఆ ఊరు వస్తే తప్పక చూడండి. 1922 అక్టోబరు 7 సాయంత్రం, టే నదిలో గ్లెన్‌డెల్వైన్ దగ్గర, తండ్రి పడవ నడుపుతుండగా జార్జీనా బాలంటైన్ గాలానికి ఆ చేప పడింది. రెండు గంటలకు పైగా పోరాడింది. చీకటి పడ్డాకగానీ పడవలోకి రాలేదు. 64 పౌండ్లు, అంటే 29 కిలోలు. నూరేళ్లు దాటినా బ్రిటన్‌లో గాలానికి దొరికిన సాల్మన్‌లలో అదే పెద్దది. ఆమె మొదటి ప్రపంచ యుద్ధంలో నర్సుగా చేసిన మనిషి. ఆ చేపను పెర్త్ రాయల్ ఇన్‌ఫర్మరీ ఆసుపత్రికి ఇచ్చేశారు. అది ఫ్లైకి దొరికింది కాదు, ఎర చేపకు దొరికింది. ఫ్లైకి దొరికిన వాటిలో బ్రిటన్ రికార్డు కూడా ఒక స్త్రీదే. 1924లో డెవరన్ నదిలో మిసెస్ మోరిసన్ 61 పౌండ్ల చేపను పట్టారు. గట్టు మీద నన్ను చూసి "మీ ఆయన ఎక్కడ వేస్తున్నాడు?" అని అడిగేవాళ్లకు నేను ఈ రెండు పేర్లూ చెబుతాను.

ఇక బయటి దేశాల సంగతి. కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో మిరమిషీ నది ఉంది. మా చిన్నాన్న కూతురు హాలిఫాక్స్‌లో ఉంటుంది, ఆ వంకతో వెళ్లాను. స్కాట్లాండులో ఫ్లై నీటి అడుగున ఈదుతుంది. అక్కడ వేసవిలో బాంబర్ అనే ఫ్లై వేస్తారు. జింక వెంట్రుకతో చుట్ట ఆకారంలో కడతారు, నీటి మీద తేలుతుంది. తేలే ఫ్లై కోసం సాల్మన్ అడుగునుంచి లేచి రావడం మొదటిసారి చూశాను. నీళ్లు తేటగా ఉన్నాయి. చేప నీడలా లేచింది, ముక్కుతో ఫ్లైని తాకింది, నోరు తెరవలేదు, మళ్లీ దిగిపోయింది. అంతే. ఆ వారమంతా ఇంకేం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా గైడు ఒక మాటన్నాడు. "మీ స్కాట్లాండు చేప, మా చేప గ్రీన్‌లాండ్ దగ్గర ఒకే మేత మీద ఉంటాయి." నేను అప్పటిదాకా నదులను విడివిడిగా చూసేదాన్ని. ఇది టే, ఇది స్పే, ఇది మిరమిషీ అని. ఆ మాట విన్నాక నాకు లెక్క మారిపోయింది. నేను దేశాలు తిరుగుతున్నానని అనుకున్నాను. ఎన్ని దేశాలు తిరిగినా ఒకే చేప దారిలో అక్కడక్కడా నిలబడుతున్నాను.

గ్రీన్‌లాండ్ కథ వినండి. 1950లలో స్కాట్లాండులో గుర్తు బిళ్ల కట్టి వదిలిన ఒక సాల్మన్ గ్రీన్‌లాండ్ దగ్గర వలలో పడింది. ఐరోపా చేపలు అంత దూరం వెళతాయని అప్పుడు రుజువైంది. తర్వాత కొద్ది ఏళ్లలోనే అక్కడికి పెద్ద పడవలు బారులు కట్టాయి. 1971లో ఆ ఒక్క తీరంలోనే 2,700 టన్నుల దాకా సాల్మన్ పట్టారు. రెండు ఖండాల నదుల చేప ఒక్కచోట చేరితే అక్కడ వల వేశారన్నమాట. ఇంటి దగ్గర నది మీద ఎంత శ్రద్ధ పెట్టినా, చేప సముద్రంలోనే అయిపోతే ఏం లాభం? అందుకే దేశాలన్నీ కలిసి ఒప్పందం చేసుకుని, 1984లో ఎడింబరో కేంద్రంగా ఒక సంస్థను పెట్టుకున్నాయి. ఉత్తర అట్లాంటిక్ సాల్మన్ సంరక్షణ సంస్థ, నాస్కో అంటారు.

ఒప్పందాలు రాసుకోవడం ఒకటి, వల వేసేవాడి ఇంట్లో పొయ్యి వెలగడం ఒకటి. ఈ రెండోది పట్టించుకున్న మనిషి ఓర్రీ విగ్‌ఫూసన్. ఐస్‌లాండు వ్యాపారి. 1989లో నార్త్ అట్లాంటిక్ సాల్మన్ ఫండ్ పెట్టారు. ఆయన మత్స్యకారుణ్ణి దొంగలా చూడలేదు. నీకు హక్కుంది, ఆ హక్కు వాడకుండా ఉన్నందుకు నీకు రావలసిన డబ్బు ఇస్తాం, వేరే చేప పట్టుకోవడానికి సాయం చేస్తాం అన్నారు. ఫేరో దీవులవాళ్లతో, గ్రీన్‌లాండ్‌వాళ్లతో, ఇంకా చాలా తీరాల వలవాళ్లతో అలా కూర్చుని మాట్లాడి ఒప్పించారు. 2007లో ఆయనకు గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. 2017లో పోయారు. మా నాన్నకు ఈయన కథ చెప్పినప్పుడు చాలాసేపు విని, "డబ్బు నిజంగా ఇచ్చాడా?" అని అడిగారు. ఇచ్చారని చెప్పాను. అప్పుడు నా యాభై ఒక్క చేపల లెక్క మీద ఆయన కోపం సగం తగ్గింది. ఈ తీరంలో వేట నిషేధం రోజుల పరిహారం కోసం ఎదురుచూసిన ఇళ్లవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆయన ఎందుకు అలా అడిగారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఐస్‌లాండు వెళ్లింది 2023 సెప్టెంబరులో. చాలా ఏళ్ల పొదుపు అది. అక్కడ నది గట్టు రైతులందరూ సంఘంగా ఉంటారు. ఒక నదిలో ఒకేసారి ఎన్ని గాలాలు వేయాలో లెక్క ఉంటుంది. రోజుకు పన్నెండు గంటలే వేయాలి, మధ్యాహ్నం నదికి విశ్రాంతి. దేశంలోకి దిగగానే మన బూట్లు, కర్ర, దారం అన్నీ మందులో ముంచి శుభ్రం చేయించుకోవాలి. వేరే దేశం నీటి చుక్కతో కూడా రోగం వస్తుందని వాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే. నార్వేలో గైరోడాక్టిలస్ అనే కంటికి కనపడనంత చిన్న పరాన్నజీవి దాదాపు యాభై నదుల్లో సాల్మన్‌ను తుడిచిపెట్టింది.

నేను వెళ్లేసరికి అక్కడ నదుల వెంట అందరి ముఖాల్లో టెన్షన్. కొద్దివారాల ముందే పడమటి తీరంలో సముద్రంలో సాల్మన్ పెంచే ఒక వల పంజరానికి కన్నాలు పడి మూడున్నర వేల దాకా చేపలు బయటికి పోయాయి. మీరు సూపర్‌మార్కెట్లో చూసే అట్లాంటిక్ సాల్మన్ దాదాపు అంతా ఇలాంటి పంజరాల్లో పెంచిందే. అది తప్పించుకుని నదుల్లోకి ఎక్కుతుంది. అడవి చేపతో కలిసి గుడ్లు పెడుతుంది. ఆ పిల్లలకు నది బతుకు సరిగా చేతకాదు. వేల ఏళ్లుగా ఒక్కో నదికి తగ్గట్టు తయారైన గుణం పలచబడిపోతుంది. నార్వేనుంచి గజ ఈతగాళ్లను పిలిపించి, మడుగుల్లోకి దింపి, ఈటె తుపాకులతో ఆ చేపలను ఏరించారు. నాతోపాటు ఉన్న ఒక రైతు పట్టిన చేప చూపించాడు. రెక్కల అంచులు అరిగిపోయి ఉన్నాయి, తోక గుండ్రంగా మొద్దుబారిపోయి ఉంది. గోడలకు రాసుకుని పెరిగిన ఒళ్లు. ఆ చేప మీద నాకు కోపం రాలేదు. దానికి ఏ నది వాసనా తెలియదు.

తర్వాతి ఏడాది నార్వే. గౌలా నది ట్రాండ్‌హైమ్ ఊరికి దక్షిణాన ఉంటుంది. 1830ల తర్వాత ఇంగ్లండు నుంచి ధనవంతులు ఓడలెక్కి నార్వే నదులకు వచ్చేవారు. అక్కడివాళ్లు వాళ్లను సాల్మన్ లార్డులనే పిలిచేవారు. ఇప్పుడు నాలాంటి నర్సు కూడా ఏడాది ముందు డబ్బు కడితే ఒక వారం వెళ్లొచ్చు. నాకు దొరికిన వారం 2024 జూన్ ఆఖరుది. దిగిన రోజు సాయంత్రమే చెప్పారు. ఆ వేసవి సముద్రంనుంచి వచ్చిన చేప ఎంత తక్కువంటే, ప్రభుత్వం జూన్‌లో 33 నదులను మూసేసింది. గౌలా వాటిలో ఒకటి.

వారం రోజులు అక్కడే ఉన్నాను. కర్ర సంచిలోంచి తీయలేదు. రాత్రి పదకొండుకు కూడా వెలుతురు పోదు. గట్టున కూర్చుని నీళ్లను చూశాను. ఎన్నేళ్ల నుంచో వస్తున్న జర్మన్లు, స్వీడన్‌వాళ్లు, ఊరి రైతులు కూడా వచ్చి కూర్చున్నారు. ఎవరూ డబ్బు తిరిగివ్వమని గొడవ చేయడం నేను చూడలేదు. నాలుగో రోజు ఎదుటి మడుగులో ఒక పెద్ద చేప ఎగిరి పడింది. గట్టు మీద ఉన్న అందరం లేచి నిలబడ్డాం. ఒక ముసలాయన టోపీ తీశాడు. నా జీవితంలో చేప పట్టిన ఏ రోజూ నాకు అంత గట్టిగా గుర్తులేదు.

1980లతో పోలిస్తే నార్వేకు తిరిగొచ్చే సాల్మన్ సగానికి పైగా తగ్గింది. స్కాట్లాండులో 2010లో గాలాలకు లక్షకు పైగా సాల్మన్ దొరికాయి. 2023లో 32,477. లెక్క రాయడం మొదలుపెట్టిన 1952 నుంచి అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. అందులోనూ నూటికి తొంభైకి పైగా తిరిగి నీళ్లలో వదిలినవే. అదే ఏడాది డిసెంబరులో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం తన ఎర్ర జాబితాలో అట్లాంటిక్ సాల్మన్‌ను ప్రమాదానికి దగ్గరగా ఉన్న జాతుల్లోకి మార్చింది. బ్రిటన్‌లో అయితే అంతరించే ప్రమాదమున్న జాతి అంది.

కారణం ఒకటైతే ఎవరో ఒకరితో పోట్లాడవచ్చు. సముద్రం వేడెక్కి మేత చెదిరింది. పంజరాల చుట్టూ పుట్టే పేను పిల్ల చేపలకు పడుతుంది. నదులకు అడ్డంగా కట్టలున్నాయి. నది నీళ్లూ వేడెక్కుతున్నాయి. 2018 వేసవిలో స్కాట్లాండు నదుల్లో దాదాపు 70 శాతం ఒక్క రోజైనా 23 డిగ్రీలు దాటాయి. మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. మనకు 23 డిగ్రీలంటే దుప్పటి కప్పుకునే చలి. ఆ చేపకు మాత్రం ఊపిరాడని ఎండాకాలం. నీళ్లు 20 డిగ్రీల దగ్గరికి వస్తే మేం కర్రలు మడిచి ఇంటికి వెళ్లిపోతాం. ఆ వేడిలో పట్టి వదిలినా చేప బతకడం కష్టం.

డీ నది పైవైపు వాగుల గట్లు శతాబ్దాలుగా గొర్రెలు, దుప్పులు మేసి బోడిగా ఉన్నాయి. నీడ లేదు. అందుకని అక్కడ చెట్లు నాటుతున్నారు. పది లక్షల చెట్లు నాటాలన్నది లక్ష్యం. దుప్పులు తినకుండా చుట్టూ కంచె. నేనూ ఏటా వసంతంలో నాలుగు రోజులు వెళతాను. పార, మొక్కల సంచి, ఎముకలు కొరికే గాలి. ఆ మొక్కల నీడ నీటి మీద పడటానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ పని చేసేవాళ్లలో చాలామంది గాలం వేసేవాళ్లే. ఒక ఏడాది కెనడానుంచి వచ్చిన ఒకాయన నా పక్కన గుంట తవ్వాడు. ఆయన ఊరు మిరమిషీ గట్టునే.

నాన్నా, మీరడిగినదానికి ఇదీ ఒక జవాబు. నేను ఆ చేపను పట్టకపోయి ఉంటే, అది ఎదురెక్కే వాగు ఎక్కడుందో కూడా నాకు తెలిసేది కాదు. తెలియని వాగు గట్టున ఎవరు మొక్క నాటుతారు? చేపకు గాలం బాధ లేదని నేను అనను. ఉంది. అందుకే కొక్కేనికి వెనక ముల్లు లేకుండా చేస్తాను. చేపను నీళ్లలోంచి పైకి తీయను. ఎక్కువసేపు ఆడించను. ఆ బాధకు బదులు ఏమిస్తున్నానో ప్రతిసారీ లెక్క వేసుకుంటాను.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ డబ్బాలో ఫ్లైలున్నాయి. దీని పేరు జాక్ స్కాట్, పాతకాలపు రకం. ఇందులో నెమలి ఈక ఉంది. పక్కన పసుపు తెలుపు కలిసిన చుక్క, లక్క పూసినట్టు మెరుస్తోంది చూడండి. అది బూడిదరంగు అడవికోడి మెడ ఈక. మన నల్లమలలో, శేషాచలంలో తిరిగే కోడి. విక్టోరియా రాణి కాలంనుంచి ఆ ఈకలు ఓడలెక్కి స్కాట్లాండు వెళ్లాయి. దాని కంటిచుక్క చూసి సాల్మన్ వస్తుందని వాళ్ల నమ్మకం. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఇక్కడ ఆ కోడిని చంపడం నేరం. నేను కొనే ఈకలు బ్రిటన్‌లో పెంచిన పక్షులవి. మొదటిసారి ఆ పెద్దాయన ఈ ఈక నా చేతిలో పెట్టి, ఇది మీ దేశంనుంచి వచ్చింది అన్నప్పుడు, అంత దూరంలో మన అడవి ముక్క చూసి నాకు మాట రాలేదు.

మన పులస కూడా ఇలాగే ఎదురీదే చేప. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని మేలు ఈ జిల్లాల్లో తెలియనివారు లేరు. పులస దారి మాత్రం అక్కడ ఆగింది. టే నదికి ఉపనది మీద పిట్లోక్రీ దగ్గర డ్యామ్ కట్టినప్పుడు చేప కోసం పక్కనుంచి మెట్ల దారి కట్టారు. 34 తొట్లు, 310 మీటర్లు. ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి ఎక్కుతూ సాల్మన్ డ్యామ్ దాటుతుంది.  పులసకు అదే మెట్లు సరిపోవు. అది సాల్మన్‌లా ఎగరదు. దాని ఈతకు తగ్గ దారి వేరేగా ఆలోచించాలి. ఇక్కడ మత్స్యశాస్త్రం చదువుతున్న పిల్లలున్నారని విన్నాను. నదిని మీకంటే బాగా ఎరిగినవాళ్లు, వల వేసిన పెద్దవాళ్లు, ఈ హాల్లోనే మీ పక్కన కూర్చున్నారు. వాళ్లను అడగండి.

రెండేళ్ల క్రితం అక్టోబరు మొదట్లో మా నాన్న పెర్త్ వచ్చారు. చలికి నా కోటు మీద ఇంకో కోటు వేసుకుని గట్టున నిలబడ్డారు. మూడు గంటల తర్వాత చేప తగిలింది. పావుగంటకు ఒడ్డు దగ్గరికి వచ్చింది. నేను కర్ర పట్టుకుని ఉంటే ఆయన ప్యాంటు తడుస్తున్నా లెక్కచేయకుండా నీళ్లలోకి దిగారు. ఒక చేత్తో తోక మొదలు, ఇంకో చేత్తో పొట్ట కింద పట్టుకున్నారు. తల ఎగువకు తిప్పి పట్టుకోమని నేను చెప్పలేదు, ఆయనే తిప్పారు. చేప రాగిరంగుకు తిరిగి ఉంది. పొట్ట కింద చెయ్యి కాసేపు అలాగే ఉంచి, "జన చేప అమ్మా ఇది, గుడ్లతో నిండుగా ఉంది" అన్నారు. మొప్పలు ఆడటం మొదలైంది. ఒకసారి తోక విదిలించింది. ఆయన చేతులు తెరిచారు.

డబ్బా ముందు వరుసనుంచి తిప్పుతున్నాను. కొక్కేలకు ముల్లు లేదు, అయినా పిల్లలు జాగ్రత్తగా పట్టుకోండి. ప్రశ్నలుంటే అడగండి.